కోడిపిల్లలు పెరగకూడదని నూకలు దాచాను

మా చిన్నప్పుడు... సిరిసిల్లలో మా ఇంటి మూలన గంపలో ఎర్ర పెట్ట పొదుగుకు కూర్చుంది. అడుగున ఊక, దాని మీద పాత గోనె ముక్క, పైన పదకొండు గుడ్లు. ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని బాపమ్మ పక్కనే ఒక ఇనుప ముక్క కూడా పెట్టింది. బాపమ్మ అంటే మా నాన్న వాళ్ళమ్మ. ఆ ఇంట్లో అప్పుడు మేమిద్దరమే...

నాన్న మహారాష్ట్రలో, భివండిలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. అమ్మ కూడా తమ్ముణ్ణి చంకనేసుకుని అక్కడ మగ్గాలకు దారం కండెలు చుట్టడానికి నాన్న వెంటే వెళ్ళింది. నా చదువు పాడవుతుందని నన్ను బాపమ్మ దగ్గర వదిలారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, వాళ్ళు వెళ్ళి అప్పటికే ఏడాది దాటింది. అంతా నీ చదువు కోసమే అని అందరూ చెప్పేవాళ్ళు. నాకు మాత్రం తమ్ముణ్ణి తీసుకెళ్ళి నన్ను వదిలేశారనే ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం పక్కింటి వాళ్ళ సెల్‌ఫోన్‌కి అమ్మ ఫోన్ చేసేది.

"అమ్మా, పెట్ట పొదుగుకు కూసుంది. నువ్వెప్పుడస్తవ్?"

"పిల్లలు లేసెటాల్లకు అస్త బిడ్డా. చిన్న చిన్న పిల్లలను సూస్త."

అంతే... ఇక నాకు ఆట లేదు, పాట లేదు. ఇరవై ఒక్క రోజులూ గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీశాను. పెట్ట మేతకు దిగినప్పుడు బాపమ్మ ఒక్కో గుడ్డును గుమ్మంలో ఎండకు పట్టి చూసేది. రెండింట్లో ఏమీ లేదని తీసేసింది. మిగతా తొమ్మిదీ పిల్లలయ్యాయి! బడి నుంచి వచ్చేసరికి పెట్ట రెక్కల కింద ఒకటే కిచకిచలు. పలక గుమ్మంలోనే పడేసి గంప ముందు కూలబడ్డాను.

అమ్మ రాలేదు. "సేటు సుట్టి ఇయ్యలే బిడ్డా, అచ్చే వారం అస్త" అంది. తరువాతి ఆదివారమూ అదే మాట...

పిల్లలను మాత్రం నేను కంటికి రెప్పలా చూసుకున్నాను. నీళ్ళలో చిటికెడు పసుపు కలిపి, మునిగిపోకుండా లోతు లేని మూకుడులో పోసేదాన్ని. ఊక తడిస్తే వెంటనే మార్చేదాన్ని. మాది నేత వాడ, ఎక్కడ చూసినా దారం పోగులే కదా, అవి కాళ్ళకు చుట్టుకుంటే పిల్లల వేళ్ళు నల్లబడి రాలిపోతాయి. అందుకని బడి నుంచి రాగానే ఒక్కోదాన్ని పట్టుకుని కాళ్ళు చూసేదాన్ని. గద్ద భయానికి ఎక్కువసేపు గంప కిందే ఉంచేవాళ్ళం. "నాకన్న మంచిగ సాదుతున్నవ్ పో" అని బాపమ్మ మురిసిపోయేది.

ఇంతలో వాటి రెక్కలకు ఈకలు మొలవడం మొదలైంది. ఒంటి మీది పసుపు నూగు పోతోంది. అమ్మ చూస్తానన్నది చిన్న పిల్లలను కదా... ఇవి పెద్దవైపోతే ఇంకెందుకు వస్తుంది?

అందుకని నూకలు తగ్గించాను. బాపమ్మ రెండు గుప్పెళ్ళు వేయమంటే అర గుప్పెడే వేసి, మిగతావి పాత పౌడరు డబ్బాలో దాచాను. తక్కువ తింటే మెల్లగా పెరుగుతాయని! ఎంత తెలివో చూడండి నాది...

ఐదారు రోజులకు అన్నింట్లోకీ చిన్న పిల్ల రెక్కలు వేలాడేసి ఒక పక్కకు ఒరిగిపోయింది. బాపమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకుని మెడ కింద తడిమి చూసింది.

"దీని కడుపుల ఒక్క గింజ లేదు. నూకలు ఎయ్యట్లేవా?"

నేను ఏడ్చుకుంటూ వెళ్ళి పౌడరు డబ్బా తెచ్చిచ్చాను.

"ఎందుకే గిట్ల జేసినవ్?"

"అమ్మ అచ్చెదాంక గివి చిన్నగనే ఉండాలె గద బాపమ్మా..."

బాపమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. తను చుడుతున్న బీడీల చాట పక్కకు జరిపి, నూకలు నానబెట్టి, వేలి కొసతో ఒక్కో గింజా దాని ముక్కుకు అందించింది. సాయంత్రం దాకా అదే పని. పిల్ల బతికింది.

ఆ ఆదివారం ఫోన్ రాగానే నాకివ్వకుండా బాపమ్మే అందుకుంది. ఆమెకు ఫోన్లో నెమ్మదిగా మాట్లాడడం రాదు. వాడంతా వినబడేలా అరిచింది.

"కోడిపిల్లల సంగతి ఇడిసిపెట్టు పిల్లా! ఈడ నీ బిడ్డ పెరుగుతాంది. ఎవలు సూడాలె?"

నాలుగో రోజు అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని దిగింది. అప్పటికి కోడిపిల్లలన్నింటికీ ఒంటినిండా ఈకలే. "ఇగో అమ్మా" అని గంప ఎత్తి చూపించాను. అమ్మ వాటి వైపు చూడనే లేదు, నన్నే చూస్తూ నిలబడింది. సంచిలోంచి గులాబీ రంగు కుచ్చుల గౌను తీసి తొడిగింది. భుజాల దగ్గర పట్టేసింది, వెనక హుక్కు అందలేదు. నన్ను వదిలి వెళ్ళినప్పటి కొలత మనసులో పెట్టుకుని కొన్నదట.

"సరిపోయిందమ్మా" అన్నాను ఊపిరి బిగబట్టి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. వారం ఉండి మళ్ళీ వెళ్ళిపోయింది...

ఇప్పుడు నేను కోరుట్లలో ఉంటున్నాను. మా ఆయన దుబాయ్‌లో. ఊడిన పన్నూ, పెరిగిన జడా మా బిడ్డ రోజూ వాళ్ళ నాన్నకు వీడియో కాల్‌లో చూపిస్తుంది. మా అమ్మకు ఆ అదృష్టం లేదు. కాల్ అయిపోయాక కూడా అది ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటుంది. అప్పుడు నేను పని ఆపేసి దాని పక్కన కూర్చుంటాను, అంతకన్నా ఏం చేయాలో నాకు తెలియదు...

మీలో ఎవరైనా, ఒక మనిషి వచ్చేదాకా ఏదైనా మారకుండా అట్లాగే ఉంచాలని చూశారా? ఉంటే కింద రాయండి... అలాంటి పిచ్చిపని చేసింది నేనొక్కదాన్నేనేమో అని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను.