ఎవరూ కత్తిరించలేని ముగింపు

2023. ఆగస్టు సగమైపోయినా అనంతపురంలో వాన జాడ లేదు. వేరుశనగ విత్తినవాళ్లు, విత్తనివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్న రోజులు. పాత బస్టాండు దగ్గర మేడమీద మా అంగడి. ఒక గది, రెండు కంప్యూటర్లు, తిరిగినంతసేపూ మూలిగే ఫ్యాను. మా నాయన కాలంలో అది పెళ్లి వీడియోల మిక్సింగ్ అంగడి. ఆయన కెమెరా భుజాన వేసుకుని ఊళ్లు తిరిగితే, నేను ఇక్కడ కూర్చుని కత్తిరించి అతికించేదాన్ని. ఇప్పుడు పెళ్లిళ్లకు డ్రోన్లు కావాలి, అవి పట్టుకుని కెమెరావాళ్లు బెంగళూరు నుంచే దిగుతున్నారు. పోతే పోనీ అనుకున్నాను. నాకు ఛానెళ్ల పని దొరికింది. గొర్రెల పెంపకం చెప్పేవాళ్లు, ఉగ్గాని చేసి చూపించేవాళ్లు, బోరు మోటార్లు విప్పి బిగించేవాళ్లు వీడియోలు తీసుకొస్తారు. నేను ఎడిట్ చేసి, చివర ఎండ్ స్క్రీన్ కట్టి ఇస్తాను.

ఎండ్ స్క్రీన్ అంటే వీడియో ఆఖరి ఇరవై సెకన్ల లోపల తెరమీదికి వచ్చే డబ్బాలు. ఇంకో వీడియో చూడమని ఒక చదరం, ఛానెల్‌లో చేరమని ఒక గుండ్రటి బొత్తాం. డబ్బాలు వీడియోలు పెట్టే సైటే ఇస్తుంది. వాటి వెనక ఏం కనిపించాలి, ఏం వినిపించాలి అన్నది మా పని. చాలామంది దీన్ని ఆట అయిపోయాక దించే పరదా అనుకుంటారు. కాదు. చూసేవాడు ఉందామా పోదామా అని తేల్చుకునే చోటు అది. నన్నడిగితే మొత్తం వీడియోలో అంత కష్టమైన చోటు ఇంకొకటి లేదు.

ఆ నెలలో ఒక మధ్యాహ్నం కణేకల్ నుంచి ఒకామె మెట్లెక్కి వచ్చింది. చెమట తుడుచుకోలేదు, నీళ్లడగలేదు, ఫోను తీసి నా బల్లమీద పెట్టింది.

"మాబున్నీ అంటే నువ్వేనాక్కా? ఈ రెండూ చూడు. చూసినాక మాట్లాడుదాం."

మొదటిది జాకెట్టు కుట్టడం నేర్పే వీడియో. మొహం కనపడదు. చాపమీద పరిచిన గుడ్డ, రెండు చేతులు, మట్టిగాజులు, సుద్దముక్క. గొంతు మా సీమ గొంతు. రెండోది కూడా అదే చాప, అదే గుడ్డ, అవే గాజులు. గొంతు మాత్రం వేరే. ఎవరో పట్నం ఆవిడ మాట మాటకూ "ఫ్రెండ్స్" అంటూ తీయగా చెబుతోంది. చివర ఆవిడ నవ్వు మొహంతో ఎండ్ స్క్రీన్.

"చేతులు నావి, గొంతు ఆయమ్మది," అంది. "నా ఇడియో తోక కోసేసి వాళ్ల తోక తగిలించుకున్యారు."

ఆమె పేరు సుంకమ్మ. ఊళ్లో మిషన్ కుడుతుంది. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లకు నేర్పడానికని ఫోనుతో వీడియోలు తీసి పెట్టడం మొదలుపెట్టింది. కణేకల్‌లో గుడ్డలంగడి శెట్టి అవి చూసి, మిద్దెమీద కుట్టు క్లాసు పెడతాను, టీచరుగా నువ్వే రావాలని మాటిచ్చాడు. తర్వాత ఆయన కంట్లో ఈ రెండో ఛానెల్ పడింది.

"మొన్న పోతే ఏమన్యాడో తెల్సా? 'ఏమ్మా, నువ్వు ఆ టౌను మేడాన్ని జూసి కాపీ కొడ్తాండావంటనే. క్లాసుకి ఇంగెవరినన్నా చూసుకుంటాలే' అన్యాడు. అంగట్లో పదిమంది ముందర! దొంగతనం చేసింది వాళ్లు, దొంగని నేను. ఆ క్లాసు నాదిక్కా. నేనే చెప్పల్ల. ఆ మాట కూడా వెనక్కి తీసుకోవల్ల."

ఏడుస్తుందేమో అని నీళ్ల చెంబు దగ్గరికి జరిపాను. ఏడవలేదు. చెంబెత్తి గటగటా తాగి, "ఇప్పుడు చెప్పు, ఏం జేస్తాం?" అంది. నాకప్పుడే ఆమె నచ్చింది. ఆ రెండో వీడియో మళ్లీ చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

ముందు అందరూ చేసేదే చేశాం. సైటుకు ఫిర్యాదు పెట్టాం. మిషను రాసినట్టున్న జవాబులు వచ్చాయి. ఒక వీడియో తీసేశారు. వారం తిరక్కముందే అదే వీడియో కొత్త పేరుతో ప్రత్యక్షం. ముందు ఎవరు పెట్టారో తేదీ చూడమని శెట్టికి చెప్పించాను. "తేదీలు గీదీలు నాకు తెలీవు, ఆయమ్మ పద్ధతిగా మాట్లాడతాంది" అన్నాడట. పద్ధతంట!

"మొహం చూపించు సుంకమ్మా, అప్పుడెవడూ ఎత్తుకుపోలేడు," అన్నాను.

"నా మొగం జూసి రైక కుట్టుకుంటారా? పెట్టను. భయపడి కాదు. నాకిష్టం ల్యా. దొంగముండలకు జడిసి నా పద్ధతి నేనెందుకు మార్చుకోవల్ల?"

"పోనీ, నీ పేరు తెరమీద నడిమధ్యలో అడ్డంగా వేస్తా."

"సుద్దగీత మీద నా పేరు పడితే, నేర్చుకునేటోళ్లకి గీత యాడ కనపడతాది?"

అదీ నిజమే. నా దగ్గర ఇక మిగిలింది నా విద్యే, చివరి ఇరవై సెకన్లు.

ఆమె పాత ముగింపు ఫోనులో ఏదో యాప్‌తో చేసుకున్నది. కుట్టడం అయ్యాక జాకెట్టు ఎత్తి చూపించి "అయిపాయ, అందరికీ నమస్కారం" అంటుంది. ఆ తర్వాత రాలే గులాబీ రేకులు, మోగే గంట, ధన్యవాదములు, ఛానెల్ పేరు. రిటెన్షన్ గ్రాఫ్ తెరిచాను. ఏ సెకనుకు ఎంతమంది మిగిలారో చూపించే గీత అది. "అయిపాయ" అన్నచోట గీత నిట్టనిలువుగా కిందికి పడింది. గులాబీలు చూసిన మానవుడు లేడు. అక్కడే దొంగకు కూడా సుఖం. పని అంతా ముందు, పేరంతా వెనక. మధ్యలో కత్తెర పెట్టుకోవడానికి మనమే చోటు వదిలి ఇచ్చినట్టు ఉంది.

"జాకెట్టు అయిపోయిందా నిజంగా?" అని అడిగాను.

"అయిపాయ కదక్కా."

"అయితే తొడుక్కో చూద్దాం. హుక్కులేవీ?"

పకపకా నవ్వింది. "హుక్కులు ఎవురన్నా ఇడియోలో చూపిస్తారా?"

మా వైపు పద్ధతి తెలియనివాళ్ల కోసం చెప్పాలి. మిషన్ తొక్కేవాళ్లు హుక్కులు, కాజాలు, అంచు మడతలు కుట్టరు. వీధరుగుమీద కూర్చునే ఆడవాళ్లకు ఇచ్చేస్తారు. మిషన్ కుట్టు అంటే విద్య, చేతికుట్టు అంటే ఊసుపోక చేసే పని అని లెక్క. అందుకే నేర్పే వీడియోలన్నీ మిషన్ ఆగగానే ఆగిపోతాయి. ఆమెదీ ఆగింది, దొంగలదీ ఆగింది.

"మరి నీ హుక్కులు ఎవరు వేస్తారు?"

"నేనే. ఎవురికీ ఇయ్యను. శెనక్కాయ పెరికే ఆడోళ్లు పొద్దంతా వంగి పని చేస్తారు. మామూలు హుక్కు రెండు దినాలకే ఊడొస్తాది. నేనేసింది ఊడదు." తను కుట్టిన బ్లౌజు ఒకటి తీసి, పట్టీ తిప్పి చూపించింది. హుక్కు కింద రెండు కన్నాలు కుట్టి వదిలేయడం కాదు, దాని మెడను కూడా దారంతో కట్టి, లోపలి పొరదాకా దించి ముడి వేసింది. గోటితో లాగాను. కదల్లేదు.

"సుంకమ్మా, ఇది చివర పెడదాం," అన్నాను. "గులాబీలు తీసి అవతల పారేయ్. ఎండ్ స్క్రీన్ వచ్చేటప్పుడు నీ చేతులు ఆ హుక్కు కుడుతూనే ఉండాలి. గుడ్డమీద సూది కదిలేచోటు పక్కనే సుద్దతో నీ పేరు రాయి. చివర కోశారా, హుక్కులు పోతాయి. కోయలేదా, నీ పేరు పోదు."

"అమ్మ నీ పాసుగాల! పెళ్లి క్యాసెట్లు చేసేదానివా నువ్వు?" అంది. మా ఊళ్లలో దీనికన్నా పెద్ద మెచ్చుకోలు లేదు.

చెప్పినంత సులువుగా కాలేదు. మొదటిసారి తీసింది చూస్తే, సైటు డబ్బా సరిగ్గా వచ్చి సూది మీద కూర్చుంది. "నా చేతుల మీదనే ఇల్లు కట్టినావే!" అని నామీద ఎగిరింది. అప్పుడు ఆమెకే ఒక ఉపాయం తోచింది. కుట్టుకు మార్జిన్ వదిలినట్టు, డబ్బాలకూ గుడ్డమీదే జాగా వదిలేద్దాం అంది. గుడ్డ కుడివైపు సుద్దతో రెండు చదరాలు, ఒక సున్నా గీసింది. చేతులు, పట్టీ, పేరు ఎడమవైపు. సైటు ఇచ్చే డబ్బాలు అచ్చంగా ఆ సుద్దగీతల లోపల పడేట్టు నేను కొలతలు సరిపెట్టాను. తెరకు అట్టడుగున ఏమీ పెట్టలేదు, అక్కడ వీడియో నడిచే గీత వచ్చి అన్నీ మింగేస్తుంది.

పెద్ద కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా ఉంది. అంతటితో నమ్మకూడదు. ఒక పాత ఫోను తీసుకుని ఇద్దరం బస్టాండులో ఎండలో నిలబడి చూశాం, ఎందుకంటే ఆమె వీడియోలు చూసేవాళ్లు చూసేది అట్లాగే. లేత పసుపు గుడ్డమీద తెల్ల సుద్ద చుక్క కూడా కనపడలేదు. మళ్లీ పోయి ముదురు మెరూన్ గుడ్డ తెచ్చి, దానిమీద ఇంకోసారి కుట్టి తీసింది. ఈసారి పక్కన శింగనమల బస్సు కోసం నిలబడ్డ ముసలామె తల దూర్చి, "ఆ పక్క గళ్లు ఎందుకు గీసినావమ్మా, జేబులా?" అంది. కనపడ్డాయన్నమాట. అది చాలు మాకు.

మిగిలిన తగువు నమస్కారం దగ్గర. చివరి ఇరవై సెకన్లలో "నమస్కారం, ఉంటాను" అన్నది నేను కోసేశాను.

"చెప్పకుండా పోతే ఏమనుకుంటారుక్కా? మర్యాద వద్దా?"

"నువ్వు యాడికీ పోవడం లేదు. కూర్చొని కుడుతూనే ఉన్నావు. నువ్వే ఉన్నప్పుడు వాళ్లెందుకు పోతారు?"

సణిగింది గానీ ఒప్పుకుంది. చివరికి ఆ చోట ఆమె గొంతు ఇట్లా వినిపించింది: "ముడి పైన వేయొద్దండి, లోపలికి దించల్ల. రైక చేతులు కుట్టే ఇడియో ఈ గీసిన గడిలో ఉండాది, దాన్ని ఒత్తండి. నేనీడనే ఉంటా." ఎండ్ స్క్రీన్‌లో నేను విన్న అందమైన మాటల్లో అది ఒకటి.

పాతవాటిలో నాలుగైదింటికి కూడా ఈ ముగింపే తీసి మళ్లీ పెట్టాం. గ్రాఫ్ గీత ఇక చివర్లో పడిపోలేదు. హుక్కు కోసం జనం ఆగారు, ఆగినవాళ్లు పక్క గడి ఒత్తారు.

పట్నం ఛానెల్ వాళ్లు అలవాటు ప్రకారం ఎత్తుకుపోయారు. అలవాటు ప్రకారమే తోక కోశారు. ఈసారి వాళ్ల కామెంట్లలో వరసగా అదే గోల. "మేడం, హుక్కులు ఎట్లా వేయాలి?" "మేడం, ఇది తొడుక్కునేదెట్లా?" తర్వాతి వీడియో చివర ఆవిడ జాకెట్టుకు పిన్నీసులు పెట్టి చూపించింది. అది చూసి నేను, సుంకమ్మ ఫోనులో ఎంతసేపు నవ్వామో! ఆ కిందే ఎవరో రాశారు: "హుక్కు కావాలంటే కణేకల్ సుంకమ్మ దగ్గర చూడండి. అసలుది ఆమెదే."

మా వీడియో చూసిన ఆడవాళ్లు కణేకల్ బజారులో సుంకమ్మ హుక్కులు వేసిన జాకెట్లు కావాలని శెట్టినే అడగడం మొదలుపెట్టారు. ఆయన కబురు పంపాడు. నేనూ వెంట పోయాను. పిలవలేదు, అయినా పోయాను. అంగట్లో బేరాలు జోరుగా ఉన్నాయి.

"ఏమ్మా సుంకమ్మా, నాకేం తెల్సు ఈ ఫోన్ల సంగతి," అన్నాడు శెట్టి నవ్వుతూ. "సోమవారం నుంచి వచ్చెయ్. బోర్డు మీద నీ ఫోటో పెద్దదిగా వేయిస్తా."

సుంకమ్మ కూర్చోలేదు. "వస్తా శెట్టన్నా. ఆ పొద్దు నన్ను కాపీ అన్యావే, ఈడనే, ఇట్లనే జనం ఉండగా. ఆ మాట ముందు వెనక్కి తీసుకో."

బేరాలు ఆగిపోయాయి. శెట్టి అటూ ఇటూ చూశాడు. గుడ్డ కొలిచే కడ్డీ కింద పెట్టాడు. "తప్పయింది తల్లీ. పని నీదే, విద్య నీదే. నేనే తప్పు మాట్లాడినా," అన్నాడు, అందరికీ వినపడేట్టే.

"సరే. ఫోటో వద్దు. చేతులు వేయించు."

మిద్దె మెట్ల దగ్గర బోర్డు మీద ఇప్పటికీ రెండు చేతులే ఉన్నాయి, మట్టిగాజులతో, సూదిలో దారంతో. క్లాసులో మొదటి పాఠం హుక్కులే.

ఈ కేసు తర్వాత నా పని మారిపోయింది. ఇప్పుడు ఎవరొచ్చినా, చివర ఏ రంగు కావాలి, ఏ పాట కావాలి అని అడగను. మీరు చేసే పనిలో ఇంకా చూపించనిది ఏముంది, అది తీసుకురండి అంటాను. పేరు చివర అతికిస్తే ఎవడైనా పీకేస్తాడు. పనిలో కలిపి కుట్టేస్తే పీకడానికి పనినే చింపుకోవాలి. ఎండ్ స్క్రీన్ గురించి నాకు తెలిసింది ఇంతే.

పోయిన ఏడాది ఒక ఫోనొచ్చింది. తీయటి గొంతు, మాట మాటకూ "ఫ్రెండ్". వెంటనే గుర్తుపట్టాను. ఆ సుద్దగీతల ఎండ్ స్క్రీన్ చేసింది నేనేనని తెలిసిందట, తమ ఛానెల్‌కూ అచ్చం అట్లాంటిదే కావాలట.

"తప్పకుండా చేస్తానమ్మా," అన్నాను. "హుక్కు కుడుతున్నప్పుడు మీ చేతులు తీసి పంపించండి."

ఇంతవరకూ ఏదీ రాలేదు.