ఆ పెదవులు ఏమన్నాయి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నిజంగా ఉంటే ముందు నన్నే పట్టుకోవాలి. ఎందుకంటే సినిమాల్లో దయ్యాలకు గొంతిచ్చి ఇంటి అద్దె కట్టుకున్నదాన్ని నేను. శ్మశానంలో కేక, బావిలోంచి ఏడుపు, అద్దంలోంచి నవ్వు, ఇవన్నీ పొద్దున్నే ఇంట్లో ఉప్మా తిని, ఫిలింనగర్‌లో ఏసీ గదిలో మైకు ముందు నిలబడి చేసినవే. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, అది నేనేనేమో కాస్త కనుక్కోండి అని ఏడిపించేదాన్ని.

ఇది తొంభైల మొదట్లో సంగతి. సినిమా పని మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివస్తున్న రోజులు. మాది తెనాలి. మా ఆయన బ్యాంకు ఉద్యోగం వల్ల శ్రీనగర్ కాలనీలో కాపురం. హీరోయిన్ స్నేహితురాలికీ, వదినకూ, పనిమనిషికీ నేను డబ్బింగ్ చెప్పేదాన్ని.

మా పని తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. షూటింగ్‌లో నటులు మాట్లాడిన మాటలు సినిమాలో వాడరు. తర్వాత డబ్బింగ్ థియేటర్లో ఆ సీను ముక్కను తెర మీద మళ్లీ మళ్లీ తిప్పుతుంటే, మేం పెదవుల కదలిక చూసి దానికి అతికేలా మాట చెబుతాం. అందుకని మాకు మనిషి కళ్లకన్నా ముందు నోరు కనిపిస్తుంది. పెళ్లిలో దూరంగా ఇద్దరు గుసగుసలాడుకుంటుంటే ఏం మాట్లాడుకుంటున్నారో సగం చెప్పేసేదాన్ని. మా ఆడపడుచులు నన్ను చూడగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవారు.

ఇంకో సంగతి. డబ్బింగ్ వాళ్లం ఎవరి ఫ్లాస్కు వాళ్లం వెంట తీసుకెళ్తాం. చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేస్తుంది. నా ఫ్లాస్కులో ఎప్పుడూ గోరువెచ్చటి నీళ్లే ఉండేవి.

ఆ రోజు పొద్దున బస్సు దిగి, జూబ్లీహిల్స్ నుంచి ఫిలింనగర్ వైపు దిగే రోడ్డు మీద నడుస్తున్నాను. అప్పట్లో ఆ చుట్టుపక్కలంతా బండరాళ్లు పగలగొట్టి ఇళ్లు కట్టేవారు. కంకర లారీలు ఆగకుండా తిరిగేవి. నాకు కాస్త ముందు ఒకమ్మాయి నడుస్తోంది. ఆకుపచ్చ చీర, చేతిలో టిఫిన్ డబ్బా. పల్లంలో ఒక లారీ అదుపు తప్పి రోడ్డు వారకు వచ్చింది. నేను అరిచేలోపే అంతా అయిపోయింది.

అప్పుడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. జనం పోగయ్యారు గానీ ఎవరూ ముందుకు రాలేదు. ఆ వారమంతా అదే రోడ్డు మీద ఏదో సినిమా ఫైటింగు తీస్తున్నారు. అందరూ కెమెరా ఎక్కడుందా అని చెట్ల వైపూ మేడల వైపూ చూస్తున్నారు. వాళ్లను తిట్టి లాభం లేదు. ఆ పేటలో సినిమా నెత్తుటికి అంత అలవాటు పడిపోయారు. నాకు మాత్రం వెంటనే తెలిసింది. షూటింగ్‌లో మనిషి పరుపు మీద పడతాడు, చప్పుడు రాదు. చప్పుడు తర్వాత మా థియేటర్లో కలుపుతారు. ఇక్కడ చప్పుడు వచ్చింది.

పరుగెత్తుకెళ్లి ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాను. షూటింగ్ కాదురా నాయనా, ఎవరైనా ఆటో పిలవండి అని అరిచాను. నా జీవితంలో స్క్రిప్టు లేకుండా అరిచిన అరుపు అదే. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఫ్లాస్కు మూతలో నీళ్లు పోసి, కొంగు తడిపి పెదాలకు అద్దాను. కొంచెం లోపలికి వెళ్లాయి. కళ్లు తెరిచి నన్ను చూసింది. పెదవులు కదిలాయి, ఏదో చెప్పింది, గాలి కూడా బయటికి రాలేదు. ఆటో వచ్చేసరికి ఆమె లేదు.

ఆ తర్వాత నా పని చెడింది. తెర మీద ఎవరు నోరు తెరిచినా నాకు ఆ పెదవులే కనిపించేవి. వదిన పాత్ర కాఫీ కావాలా అని అడుగుతుంటే నేను ఆ కదలికకు మాటలు వెతుక్కుంటూ నిలబడిపోయేదాన్ని. ఇంట్లో అద్దం ముందు ఆ కదలికను నా నోటితో చేసి చూసేదాన్ని. నీళ్లు అందా? నాన్నా అందా? ఏదీ అతకలేదు. నిద్ర లేదు, అన్నం సయించదు. ఆ రోడ్డు తప్పించుకుని బంజారా హిల్స్ మీదుగా చుట్టూ తిరిగి థియేటర్‌కు వెళ్లేదాన్ని. మా అత్తగారు దిష్టి తీసి తాయెత్తు కట్టారు. మా ఆయన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆ డాక్టరు మంచివాడు. దెబ్బ తగిలినవాళ్లకు నీళ్లు పట్టకూడదంటారు గానీ, ఆ దెబ్బకు మీ నీళ్ల వల్ల పోయిందేమీ లేదమ్మా, చూసింది లోపల పెట్టుకోకుండా ఎవరికైనా చెప్పుకోండి అన్నాడు.

ఎవరికి చెప్పుకోవాలి? ఆ అమ్మాయి ఇంట్లోవాళ్లకే చెప్పాలనిపించింది. ఆ అమ్మాయి పేరు సుగుణ అని పోలీసులు చెప్పగా తెలిసింది. అక్కడికి దగ్గర్లోనే ఒక ఆఫీసులో టైపిస్టు. ఆఫీసువాళ్లను అడిగి వెంగళరావు నగర్‌లో ఇల్లు పట్టుకుని వెళ్లాను.

తల్లి లచ్చమ్మ గారికి సుగుణ ఒక్కతే కూతురు. భర్త ఎప్పుడో పోయాడు. నేనెవరో చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుంది. కన్నబిడ్డ దిక్కులేనిదానిలా రోడ్డు మీద పోయిందనీ, నోట్లో నీళ్లు పోసే దిక్కు కూడా లేకపోయిందనీ అదే ఆమె ఏడుపు. నీళ్లు నేను పోశానని చెప్పాను.

"నీ కడుపు సల్లగుండ బిడ్డా," అంది. చేతులు వదలకుండానే, "పోయేటప్పుడు ఏమన్న అన్నదా?" అని అడిగింది.

పెదవులు కదిలాయి గానీ వినపడలేదన్నాను. మాటల్లో నా పనేమిటో అంతకుముందే చెప్పి ఉన్నాను. అదే నా కొంప ముంచింది. ఆమె నా ముఖంలోకి చూసి అంది:

"నువ్వు చేసేది గా పనే గద బిడ్డా. జర యాది చేసుకో."

మళ్లీ వస్తానని చెప్పి బయటపడ్డాను. ఇంటికొచ్చాక మా ఆయన, అమ్మ జాగ్రత్త అందనో, నిన్నే తలుచుకుందనో చెప్పేస్తే ఆ తల్లి ప్రాణం కుదుటపడుతుంది కదా అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. కానీ రోజూ పదిమంది నోళ్లలో పరాయి మాటలు పెట్టేదాన్ని. ఈ ఒక్క నోట్లో నా మాట పెట్టడానికి మనసొప్పలేదు. చేతనైతే ఆమె మాటే తీసుకెళ్లాలి, లేకపోతే లేదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం వంటింటి సీనుకు డబ్బింగ్. వదిన పాత్ర "కాఫీ తీసుకోండి" అని చెప్పి పొయ్యి వైపు తిరుగుతుంది. అంతే, ఒక్క డైలాగు. మైకు గదిలో నేనొక్కదాన్నే. అద్దానికి అవతల రికార్డిస్టు కామేశ్వరరావు గారు. నియమం తప్పని మనిషి, నవ్వడం కూడా పనివేళల తర్వాతే. టేకు బాగుందన్నారు, సరిచూసుకోవడానికి వెనక్కి తిప్పి వినిపించారు.

కాఫీ తీసుకోండి అన్న నా గొంతు వచ్చింది. తర్వాత వదిన వీపు తిప్పి నిలబడ్డ చోట, మాటలేమీ ఉండకూడని చోట, చాలా మెల్లగా ఇంకో మాట వినిపించింది.

"నీళ్లు వెచ్చగున్నయవ్వా."

కామేశ్వరరావు గారు టేపు ఆపి, అదెవరు రాశారమ్మా, కాగితంలో లేదే అన్నారు. నేను తమాషా చేస్తున్నాననుకున్నారు. మళ్లీ వినిపించమన్నాను. గొంతు నాదే. కానీ నేనలా అన్నట్టు నాకు తెలియదు. పైగా మా వైపు అవ్వ అంటే అమ్మమ్మో నాయనమ్మో. ఇక్కడివాళ్లు కొందరు తల్లిని అలా పిలుస్తారని వినడమే గానీ, నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అవ్వా అని పిలవలేదు. నిలబడ్డచోటే ఆ మాటను పెదవులతో అని చూసుకున్నాను. ఎన్నాళ్లుగానో అతకని కదలికకు అది అక్షరం తేడా లేకుండా అతికింది. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఆయన ఆ టేకు మీదే ఇంకో టేకు రికార్డు చేశారు. అప్పట్లో అంతే, ఉన్న టేపే మళ్లీ వాడేవాళ్లం. కాబట్టి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయన మాత్రం రిటైరయ్యాక కూడా, విన్నానమ్మా, విన్నాను అనేవారు. అంతకుమించి మాట్లాడేవారు కాదు.

మర్నాడే వెంగళరావు నగర్ వెళ్లాను. దారంతా భయమే. ఇంతా చేసి ఇదేం మాట? తల్లికి ఓ జాగ్రత్త లేదు, ఓ వీడ్కోలు లేదు, నీళ్ల గురించి చెప్పిందంటే ఆమె గుండె ఇంకా పగులుతుందేమో. అయినా ఉన్నదున్నట్టు చెప్పాను.

లచ్చమ్మ గారు, నువ్వు పోసినవి ఏం నీళ్లని అడిగింది. అప్పుడే నాకు గుర్తొచ్చింది, మొదటిసారి నీళ్లు పోశానన్నానే తప్ప ఫ్లాస్కు సంగతి ఆమెకు చెప్పనేలేదు. గొంతు కోసం మోసుకెళ్లే వెచ్చటి నీళ్లమ్మా అన్నాను.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి ఒక చిన్న ఇత్తడి గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. అడుగు నల్లగా మాడి ఉంది.

"చిన్నప్పటి సంది దానికి దమ్ము. సల్ల నీళ్లు తాగితే ఊపిరాడకపోతుండె. రోజు పొద్దుగాల నేనే గీ గిన్నెల కాచి పోస్తుంటి," అంది. గిన్నెను చీర చెంగుతో తుడిచింది. "రోడ్డు మీద పోయిందని ఏడుస్తున్న గద. రోడ్డు మీద పోలేదు బిడ్డా. నా చేతి నీళ్లు తాగుతున్నననుకొని పోయింది."

ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అంతకుముందు ఏడ్చిన ఏడుపు కాదది. తర్వాత ఆ గిన్నెలోనే నీళ్లు కాచి, గ్లాసులో పోసి నాకిచ్చింది. తాగాను. ఆ రాత్రి ఎన్నాళ్లకో నిద్రపోయాను. తెర మీద పెదవులు మళ్లీ ఎవరివి వాళ్లవయ్యాయి. ఆ రోడ్డు మీద నడవడానికి ఇంకొంత కాలం పట్టింది గానీ, నడిచాను.

మా ఆయన లెక్క ప్రకారం నా కళ్లు ఆ రోజే మాట చదివేశాయి, మనసు దాచుకుంది, నోరు పరధ్యానంగా ఉన్నప్పుడు బయటపెట్టింది. కావచ్చు. కానీ మైకు ముందు నిలబడి డైలాగు చెబుతూ, నా గొంతు నాకే వినపడకుండా నేనెలా మాట్లాడాను? అది ఆయనా చెప్పలేరు.

లచ్చమ్మ గారు బతికున్నన్నాళ్లూ వెళ్లి వస్తూనే ఉన్నాను. వెళ్లినప్పుడల్లా ఆ గిన్నె పొయ్యి మీద పెట్టేది. ఎన్నో మాట్లాడుకున్నాం. వినపడని మాట నీకెట్ల తెలిసింది బిడ్డా అని మాత్రం ఆమె ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు.