అత్తయ్య పలకరింపులు, నా ప్రోగ్రాము

ఈ ఉదయం ఐదూ ముప్పావుకి, పాలపాకెట్టు కత్తిరిస్తూ ఉండగా, నా ఫోనుకి ఒక ఖాళీ ఈమెయిల్ వచ్చింది. పంపింది నేనే, అంటే పదిహేనేళ్ళ కిందట నేను రాసి, ఆపడం మరిచిపోయిన ఒక చిన్న ప్రోగ్రాము. అది చదవాల్సిన, ఇంటర్నెట్లో పేపరువాళ్ళు నడిపిన పేజీ ఎప్పుడో మూతపడింది, ఎవరి కోసం చదివేదో ఆ మనిషి కిందటి వేసవిలో పోయింది, అయినా అది రోజూ వేళకి లేచి, వెతికి, ఏమీ లేదని నాకు చెప్పి ఊరుకుంటోంది.

ఆ మనిషి మా మేనత్త. తిరువూరులో ఒక ప్రైవేటు కాలేజీలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే రోజుల్లో, ఇంకా పెళ్ళి కాలేదు కాబట్టి, వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. మామయ్య అప్పటికే పోయాడు. ఆయన పోయినప్పుడు పలకరించడానికి ఎవరు ఏ బస్సు దిగి వచ్చారో, ఎవరు గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోయారో, ఎవరు చేయి పట్టుకుని ఏడ్చారో అత్తయ్యకు అన్నీ గుర్తు. అలా వచ్చినవాళ్ళలో ఎవరింట్లో చావు జరిగినా తను వెళ్ళి తీరాలి. ఒక్క ఇల్లు తప్పిపోయినా మామయ్యకు అవమానం జరిగినట్టే బాధపడేది.

చిక్కేమిటంటే మా ఊరు జిల్లాకు చివర. చుట్టాల్లో సగంమంది ఖమ్మం వైపు వాళ్ళు. మాకు విజయవాడలో అచ్చయిన పేపరు వచ్చేది, వాళ్ళ చావు ప్రకటనలేమో ఖమ్మం పేపర్లో పడేవి. మధిర దగ్గర ఉండే పిన్ని ఒకావిడ పోయిన సంగతి పెద్దకర్మ కూడా అయిపోయాక తెలిసినప్పుడు అత్తయ్య రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఇంట్లో శాంతి కోసం, ఖమ్మం పేపరువాళ్ళు ఇంటర్నెట్లో పెట్టే చావు ప్రకటనల్ని రోజూ తెల్లారేసరికి చదివి, పేర్లూ ఊర్లూ నాకు ఈమెయిల్ చేసే ఆ ప్రోగ్రాము రాయడానికి పూనుకున్నాను.

కంప్యూటర్లో మనం చూసే పేజీ వెనక ప్రతి ముక్కకీ ఒక చీటీ అతికించినట్టు ఉంటుంది, ఇది పేరు, ఇది ఊరు, ఇది తేదీ అని. ఆ చీటీలను చదివిపెట్టే లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒకటి ఉండేది. ఫలానా చీటీ కింద ఉన్నది తెమ్మంటే తెచ్చేది, అది మనిషా మరొకటా అని ఆలోచించేది కాదు. మొదటి రోజు ఉదయం కాఫీ దగ్గర నేను చదివి వినిపించిన మొదటి పేరు 'చౌక ధరలకు బోర్లు వేయబడును', ఊరు సత్తుపల్లి. అత్తయ్య కాసేపు ఆలోచించి, సత్తుపల్లిలో మనకు బోర్లవాళ్ళు ఎవరూ లేరే అంది. తరవాతి వారం, వర్ధంతి ప్రకటనకూ చావు ప్రకటనకూ తేడా తెలియక అది ఎప్పుడో పోయిన మనిషిని మళ్ళీ పోగొడితే, ఆవిడ చీర మార్చుకుని బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. నేను ఒక్కొక్కటే సరిచేశాను. ఆ తరవాత చాలాకాలం అది బుద్ధిగా పనిచేసింది, అత్తయ్య పేపరు చూడటమే మానేసింది.

ఒకరోజు అది వినగడప ఊళ్ళో ఉండే అన్నయ్య పేరు చెప్పింది. అన్నయ్యంటే అత్తయ్యకు పెదనాన్న కొడుకు. ఆయన పిల్లల వ్యాపారం ఖమ్మంలో కాబట్టి ప్రకటన ఆ పేపర్లో వేశారు. అత్తయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఆ పూటే బస్సెక్కాం.

వీధి మొదట్లోనే షామియానా కనిపించింది, కుర్చీలు, తలలు వంచుకున్న జనం, అనుమానించడానికి ఏమీ లేదు. మా వైపు ఆడవాళ్ళు పలకరింపుకు వెళితే గుమ్మం దగ్గరే రాగం ఎత్తుకుని, పోయిన మనిషి మంచిని వరసగా చెబుతూ ఏడ్చేవారు. అందులో అత్తయ్యకు పేరు. పత్తిచేలో కాలు విరిగితే నన్ను భుజాన మోసుకొచ్చిన అన్నయ్యా, నా పెళ్ళిలో అందరూ తిన్నాక తిన్న అన్నయ్యా, ఒకరిని పల్లెత్తు మాట అనని అన్నయ్యా అని ఆవిడ ఏడుస్తుంటే ఎవరికీ వింతగా అనిపించలేదు. దుఃఖంలో ఉన్న మనిషిని ఓదారుస్తోందనుకున్నారు. ఆవిడ వెళ్ళి వదిన పక్కన కూలబడింది.

"ఎంత పని జరిగిపోయింది వదినా!"

"ఏం చేస్తాం వదినా. తొంభై దాటినాయి. మంచంలో పడి ఆర్నెల్లు. పోవడమే సుఖం అనిపించింది."

అత్తయ్య ఏడుపు ఆగిపోయింది. "తొంభై ఏంటి వదినా? నాకన్నా నాలుగేళ్ళేగా పెద్ద!"

"ఎవరు, మా అత్తగారా?"

అప్పుడు స్తంభం వెనక నుంచి, భుజాన తడి తువ్వాలుతో, అన్నయ్య ముందుకు వచ్చాడు. ఆయన మొదటినుంచీ అక్కడే ఉండి అంతా విన్నాడు.

"నువ్వు... బాగానే ఉన్నావా అన్నయ్యా?" అంది అత్తయ్య.

"బాగానే ఉన్నాను చెల్లెమ్మా. ఆ పల్లెత్తు మాట అనలేదన్నావు చూడు, అది ఇంకొక్కసారి గట్టిగా చెప్పు. మీ వదిన సరిగా విన్నట్టు లేదు."

"విన్నాలే," అంది వదిన. "వేరే ఎవరి గురించో అనుకున్నా."

షామియానా కింద మగవాళ్ళు తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. పోయిన పెద్దావిడకు న్యాయం జరగలేదని మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ మొదలుపెట్టి, ఆవిడ పెట్టిన ఆవకాయ దగ్గరనుంచి అంతా చెప్పి ఏడ్చి వచ్చి కూర్చుంది. ఇంటికి వచ్చి చూస్తే పేపరువాళ్ళు పేజీ మార్చారు. పోయినవాళ్ళ పేరు ఉండేచోట ప్రకటన ఇచ్చినవాళ్ళ పేరు పెట్టారు, లైబ్రరీ ఆ చీటీ కిందదే తెచ్చింది. నేను అది వివరించబోతే అత్తయ్య వినలేదు. "నీ మిషను అబద్ధం చెప్పలేదులే అబ్బాయ్, కాస్త తొందరపడింది," అంది.

ఆ తరవాత ఏ పెళ్ళిలో కలిసినా అన్నయ్య అత్తయ్యను పదిమందికీ చూపించి, నా కోసం ముందుగా ఏడ్చిపెట్టిన చెల్లెలని చెప్పుకునేవాడు. కొన్నేళ్ళకు నిజంగానే పోయాడు. ఆ రోజు అత్తయ్య రాగం తీయలేదు. వదిన పక్కన కూర్చుని, చెప్పాల్సిందంతా ఆయన విన్నాడు వదినా, ఇంక నా దగ్గర ఏమీ లేదు అని మాత్రం అంది.

అత్తయ్య పోయినప్పుడు మనుషులు బాగానే వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు, ఏ హాస్పిటలని అడిగారు, షుగరు ఉండేదా అని అడిగారు, టీ తాగి, మళ్ళీ బస్సు దొరకదని లేచారు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, నేనూ అంతే చేస్తాను. ఆవిడ గురించి చెప్పాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి, కానీ ఎలా మొదలుపెట్టాలో తెలియక, వచ్చినవాళ్ళకు హాస్పిటల్ పేరు చెబుతూ కూర్చున్నాను. మా వైపు ఇప్పుడు పోయినవాళ్ళ మంచిని పైకి చెప్పి ఎవరూ ఏడవడం లేదు.