చిలకమ్మ తుంచిన దండ

బెజవాడలో రైలెక్కి నిజాం రాజ్యంలో దిగేసరికి రూపాయి మారిపోయేది, కచేరీ భాష మారిపోయేది. చిలకమ్మ మాట మాత్రం మారలేదు. మంగళగిరి మగ్గాల వాడలో పుట్టిన మనిషి, అమీర్‌పేటలో బట్టలు కుట్టే సారయ్యను చేసుకుని వచ్చింది. ఏళ్ళు గడిచినా ఎదురింటి బుచ్చవ్వను "గారూ" అనే పిలిచేది. బుచ్చవ్వకు ఒళ్ళు మండేది.

"గారేంది? నేనేమన్న తాసీల్దారునా?"

వాడంతా కలిసి చిలకమ్మకు 'ఇంగ్లీషు రాజ్యపామె' అని పేరు పెట్టింది. నవ్వుతూనే అనేవారు గానీ, ఆమెకు మాత్రం చివుక్కుమనేది. ఈ ఊరి మనిషిననిపించుకోవాలని ఎంత ఆశో!

యుద్ధం రోజుల్లో పంజగుట్ట దగ్గర ఒక తోటబంగళాలో ఆంధ్రమహాసభకు చందాల సభ పెట్టారు. అలాంటి చోటికి చిలకమ్మ పోవడం అదే మొదలు. ఎర్ర నేతచీర కట్టుకుని ఆడవాళ్ళ జంపఖానా చివర, బుచ్చవ్వ పక్కన ఒదిగి కూర్చుంది. ఉపన్యాసాలయ్యాక అధ్యక్షుడికి వేసిన మల్లెదండను వేలం పెట్టారు. పాట మూడు రూపాయల దగ్గర నీరసంగా ఆగింది. ఏం పూనిందో, "నాలుగు!" అనేసింది చిలకమ్మ. మగవాళ్ళలో కూర్చున్న సారయ్య గతుక్కుమన్నాడు. దండ ఆమెదే అయింది.

పాడుకున్నవాళ్ళు దండను మళ్ళీ సభకే ఇచ్చేస్తారనీ, దాన్ని ఇంకోసారి వేలం వేస్తారనీ పాపం ఆమెకెవరు చెప్పారు? మల్లెలు చేతికొస్తే ఒక్కతే పెట్టుకునే రకం కాదు. మూరా, అరమూరా తుంచి చుట్టుపక్కల కొప్పులన్నిటిలో తురిమేసింది. మొదటి తునక బుచ్చవ్వకే. నన్నడిగితే, పూలకు అంతకన్నా మర్యాద ఏముంది?

"అమ్మా, దండేది? మళ్ల పాట పెట్టాలె గదా!" అంటూ కార్యకర్త మార్కండేయులు పరుగెత్తుకొచ్చాడు.

చిలకమ్మ ముఖం పాలిపోయింది. "నాకు తెలీదండీ... తప్పయిపోయింది," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరాయిదాన్నని నలుగురిలో తానే చాటుకున్నట్టయింది.

బుచ్చవ్వ లేచింది. "పెట్టిన పూలు తల్లకెల్లి తీస్తరా ఎవలన్న? నా పూలకు నేనిస్త రూపాయి!" అంటూ కొంగుముడి విప్పింది.

"నేను సుత!" అంది పక్కనున్న కమలవ్వ. ఇంకేముంది, పూలు పెట్టుకున్నవాళ్ళంతా లేచారు. నవ్వులూ చప్పట్లతో తోట మార్మోగింది. మగవాళ్ళ వైపు నుంచి సారయ్య ఈల కూడా వేశాడు.

చందా ఇచ్చినవారి పేర్లు చదవాలి. "చిలకమ్మగారు. ఏ ఊరమ్మా మీది?" అని మార్కండేయులు అడిగాడు.



"ఏ ఊరేంది? మా ఊరే," అంది బుచ్చవ్వ. "అమీర్‌పేట అని జర గట్టిగ సదువు."