పసుపు కింద అక్క కాలు

నంద్యాలలో నేను పనిచేసే స్విమ్మింగ్ పూల్‌లో పొద్దున పూట ఆడవాళ్లకు వేరే టైము. వాళ్లు బట్టలు మార్చుకునే గది నాది. అంటే తుడవడం, బకెట్లు సర్దడం, చెప్పులతో ఎవరైనా లోపలికొస్తే ఆపడం. చెప్పులు గడప బయటే, ఇంట్లో ఎలాగో అక్కడా అంతే. నీళ్లలో క్రిములు చావాలని కళ్లు మండేంత మందు కలుపుతారు. గది నేలకు మాత్రం ఆరే తీరికే ఉండదు. ఒకరి తడి అడుగు మీద ఇంకొకరి అడుగు.

ఆళ్లగడ్డలో నేను అక్కా బావల దగ్గరే ఉంటాను. అక్కకు షుగరు, మోకాళ్ల నొప్పి. నీళ్లలో నడిస్తే మంచిదని డాక్టరు చెప్పాడు కదా అని నాతో బస్సెక్కించేదాన్ని. అక్కకు ఈత రాదు. అంచు కడ్డీ పట్టుకుని, ఎగువ అహోబిలం కొండ ఎక్కుతున్నట్టు మొహం పెట్టి నీళ్లలో నడిచేది.

ఒక శుక్రవారం చూస్తే కాళ్లకు పసుపు దట్టంగా ఉంది.

"ఏందక్కా, పెండ్లికూతురు మాదిరి?"

"వేళ్ల సందున ఒకటే దురద మే. పసుపు పెడితే పోతాది."

"ఏదీ, సూపియ్యి."

"ఈడ, అందరి ముందరా? నీ నోరు ఊరంతా చాటిస్తాది." కాలు చీర కిందికి లాగేసుకుంది.

కొన్నాళ్లకు దురద లేదంది. పసుపు పని చేసిందని ఇద్దరం సంబరపడ్డాం. ఆ తర్వాత ఒకరోజు కాలు చెప్పులో పట్టలేదు.

ఆసుపత్రిలో పసుపు కడిగించారు. కింద చర్మం నానబెట్టిన అటుకుల్లా తెల్లగా, పొరలు పొరలుగా ఉంది. మధ్యలో చీలిక, చీము. మెట్టె ఊడి రాకపోతే కత్తిరించారు.

"ఫంగస్సమ్మా. తడినేల మీద ఒట్టికాళ్లతో తిరుగుతాంటావా?" అన్నాడు డాక్టరు.

"పూల్ కాడ సార్. నీళ్లలో మందేస్తారు గదా?" అన్నాను నేను.

"నీళ్లల్లో ఏస్తారు. నేల మీద? ఆడ అంటుకుంది, చీలికలోంచి చీము పట్టింది. షుగరుకు కాళ్లు మొద్దుబారితే దురదా తెలీదు, నొప్పీ తెలీదు. వేలు నిలుస్తాదో లేదో ఇప్పుడే చెప్పలేను."

అక్క నా చెయ్యి పట్టుకుంది. "వేలు పోతే మెట్టె యాడ పెట్టుకోవాల మే?" అని నవ్వబోయి ఏడ్చేసింది.

వేలు నిలిచింది. నేనిప్పుడు గదిలోకి అందరినీ రబ్బరు చెప్పులేసుకుని రమ్మంటున్నాను. "చెప్పులతో లోపలికా? శుద్ధం లేదా పాపా నీకు?" అని నన్నే తిడతారు. నేల ఎంత తుడిచినా తడి అడుగులు కనిపిస్తూనే ఉంటాయి. ఇంట్లో ఆరిన బండల మీదా కనిపిస్తాయి. వంగి చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది.

రోజూ సాయంత్రం అక్క కాలు ఒళ్లో పెట్టుకుని, వేళ్ల సందులన్నీ తుడిచి చూస్తాను. తను టీవీ చూస్తుంటుంది.

"తెలుస్తాందా అక్కా?"

"ముట్టుకుంటే గదా మే తెలిసేది."

అప్పటికే నా వేలు ఆ సందులోనే ఉంది.