ఫ్యాక్టరీలో ఒక్కడే వాడిన వీపీఎన్

తెలంగాణ రాష్ట్రం వచ్చిన నాలుగో ఏట, ఎండాకాలంలో, మేళ్లచెరువు ప్రాంతంలోని ఒక సిమెంటు ఫ్యాక్టరీకి నన్ను సిస్టమ్స్ మేనేజర్‌గా బదిలీ చేశారు. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. మాది దేవరకొండ, అప్పటిదాకా హైదరాబాద్ ఆఫీసులో పనిచేశాను. ఫ్యాక్టరీ కంప్యూటర్లు, క్వార్టర్స్ దాకా వెళ్లే వైఫై, వాటికీ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య కాపలాగా ఉండే ఫైర్‌వాల్ నా బాధ్యత. ఏ ఫోను ఏ సైటుకు ఎప్పుడు వెళ్లిందో ఫైర్‌వాల్ రాసిపెట్టుకుంటుంది. ఆ నమోదును మేము లాగ్ అంటాం.

చేరిన రెండో నెలలో కంట్రోల్ రూమ్ ఆపరేటర్ యాకోబు నా గదికి వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. వాళ్ల నాయిన సున్నపురాయి గనిలో కూలి చేశాడు. ఆ ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటివాడు ఇతనే. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మేడం, పైసలు కట్టి వీపీఎన్ తీసుకుంటే, నా ఫోన్ల నేనేం చూస్తున్ననో కంపెనీకి తెల్వదా?”

ఎందుకని అడగలేదు. సొంత ఫోనులో వీపీఎన్ వాడకూడదన్న నిబంధన మా దగ్గర లేదు. కాబట్టి తెలిసింది చెప్పాను. వీపీఎన్ పెట్టుకుంటే ఫోను నుంచి వెళ్లేదంతా తాళం పడి ముందు వీపీఎన్ అమ్మే సంస్థ సర్వర్‌కు చేరుతుంది, అక్కడి నుంచి బయటికి పోతుంది. ఏ సైటు చూశారో, ఏం పంపారో నాకు కనబడదు. అవతలివాళ్లకు మా ఫ్యాక్టరీ చిరునామా కాక ఆ సర్వర్ చిరునామా కనిపిస్తుంది. అంతవరకు లాభం. అయితే మాకు కనబడకుండా పోయింది ఆ సంస్థకు కనబడవచ్చు. మేము లాగ్ ఉంచుకోం అని వాళ్లంటే నమ్మడమే తప్ప మనం వెళ్లి చూడలేం. ఉచితంగా ఇచ్చేవాళ్లు చాలామంది మన సమాచారం అమ్ముకునే బతుకుతారు. డబ్బు తీసుకునేవాళ్లు కొంత నయం, కానీ కార్డుతో కట్టగానే పేరు వాళ్ల దగ్గర పడుతుంది.

“గంతేనా?” అన్నాడు.

“గంతే” అన్నాను.

కొన్ని వారాలకు కాలుష్య నియంత్రణ అధికారులు తనిఖీకి వచ్చారు. వాళ్లకు మెయిల్‌లో పేరులేని ఫిర్యాదు అందింది. పొగగొట్టం దగ్గర దుమ్ము పట్టే ఫిల్టరును సాయంత్రాలు ఏ రోజు ఎన్నింటికి ఆపారో, మళ్లీ ఎప్పుడు నడిపారో అందులో వరుసగా రాసి ఉంది. కరెంటు ఆదా కోసం దాన్ని ఆపుతున్నారని నాకూ అప్పుడే తెలిసింది. ఆ వేళలు కంట్రోల్ రూమ్‌లో కూర్చునేవాళ్లకు తప్ప తెలియవు.

అధికారులు వెళ్లగానే ప్లాంట్ హెడ్ నన్ను పిలిచి, మెయిల్ మన నెట్‌వర్క్ నుంచి పోయిందేమో చూసి సాయంత్రంలోగా పేరు చెప్పమన్నారు.

లాగ్ తెరిచాను. ఎవరు ఏం పంపారో అందులో లేదు. కానీ ఫ్యాక్టరీ మొత్తంలో ఒక్క ఫోను రోజూ టీ వేళకు ఒకే విదేశీ సర్వర్‌కు వెళ్తోంది. మా వైఫైలో ప్రతి ఫోనూ ఉద్యోగి నంబరు మీద నమోదై ఉంటుంది. ఆ నంబరు యాకోబుది. కంట్రోల్ రూమ్‌లో మొబైల్ సిగ్నల్ అందదు కాబట్టి కంపెనీ వైఫైనే వాడాడు. లాగ్ మూశాను, మళ్లీ తెరిచాను. అందరి ఫోన్లూ తెరిచి ఉన్నచోట ఒక్క ఫోనుకు తాళం ఉంటే ఆ తాళమే పేరు చెబుతుంది. నేను అతనికి చెప్పని మాట అదే.

లాగ్ చెరిపేయడం మా వృత్తిలో నేరం. దాన్ని ముట్టుకోలేదు. అయితే ఒక ఉద్యోగి లాగ్ బయటపెట్టాలంటే కారణం చూపుతూ పర్సనల్ విభాగం రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలని నిబంధన ఉంది. అది కావాలని ప్లాంట్ హెడ్‌ను అడిగాను. ఫిర్యాదు చేసినవాణ్ణి పట్టుకోవడానికి అని కాగితం మీద రాయడం ఆయనకు ఇష్టం లేదు. చూద్దాం అన్నారు. రెండు రోజులైనా ఉత్తర్వు రాలేదు. ప్రతిసారీ ఫోను మోగగానే ఆయనేననుకునేదాన్ని.

మూడో రోజు క్యాంటీన్ వెనక యాకోబును కలిశాను.

“మీకు కనబడ్డదా?” అన్నాడు.

“ఏం పంపినవో కనబడలే. నువ్వొక్కనివే వాడుతున్నవని కనబడ్డది.”

“గా ముచ్చట ముందుగాల చెప్తే, హుజూర్‌నగర్ పోయి ఆడికెళ్లి పంపేటోన్ని గద మేడం.”

గొంతులో కోపం లేదు. ఫ్యాక్టరీ గోడ పక్కనే వాళ్ల వాడ. వాళ్లమ్మ ఆరేసిన బట్టలు మాపటికల్లా బూడిదరంగు అవుతున్నాయని, ఆమె దగ్గు ఏ దవాఖానకు తిప్పినా తగ్గడం లేదని చెప్పి షిఫ్టుకు వెళ్లిపోయాడు.

ఆదివారం హుజూర్‌నగర్ మార్కెట్‌లో కూరగాయలు కొంటుంటే ఒక సంగతి తట్టింది. చేరిన మొదటి వారంలో ఫైర్‌వాల్‌కు నేనే ఒక పని అప్పగించాను: ప్రతి సోమవారం పొద్దున వారపు నివేదిక తయారుచేసి నలుగురు అధికారులకు దానంతటదే మెయిల్ చేయాలి. అందులో వీపీఎన్ వాడినవారి పేర్ల పట్టిక కూడా ఉంటుంది. సంచీ అలాగే పట్టుకుని బస్సెక్కి ఆఫీసుకు వెళ్లాను. ఆ పట్టిక తీసేసే అధికారం నాకుంది. విచారణ నడుస్తుండగా తీస్తే సాక్ష్యం దాచినట్టవుతుందా అని చాలాసేపు తెర ముందు కూర్చున్నాను. చివరికి తీసేశాను.

మర్నాడు ప్లాంట్ హెడ్ నా ముందు పెట్టిన కాగితం అంతకుముందు సోమవారం నివేదిక. నివేదిక అందే నలుగురిలో ఆయనా ఒకరు, అది వారం నుంచి ఆయన మెయిల్‌లోనే ఉంది. అప్పటికే వెళ్లిపోయిన నివేదికల సంగతి నాకు తట్టలేదు. వీపీఎన్ అన్న గడి కింద ఒకే పేరు.

అతను వీపీఎన్ వాడాడనే ఇది చెబుతుంది, ఏం పంపాడో చెప్పదు అన్నాను.

“ఇంతమందిలో ఒక్కడే దాస్తున్నాడు. నాకింకేం కావాలి?” అన్నారాయన.

యాకోబును నా ఎదుటే పిలిపించారు. అతను కాదనలేదు.

“నేనే పంపిన సార్. అండ్ల తప్పున్న గంట ఒక్కటి చూపెట్టున్రి, దిద్ది మళ్ల పంపుత.”

ఆయన షిఫ్టుకు పొమ్మన్నారు. ఒక్క గంట కూడా చూపించలేదు.

ఉద్యోగం తీసేస్తే తనిఖీవాళ్లు మళ్లీ వస్తారని, యాకోబును కంట్రోల్ రూమ్ నుంచి గేటు దగ్గర లారీల కాటాకు మార్చారు. వరుసలో ఉన్న ప్రమోషన్ పోయింది. ఉత్తర్వు లేకుండా పేర్లు బయటికి పోయేలా నివేదిక పెట్టింది నేనేనని పర్సనల్ విభాగానికి రాసిచ్చాను. నాకు మెమో వచ్చింది. అతని బదిలీ మాత్రం రద్దు కాలేదు. రెండేళ్లు కాటా దగ్గరే చేసి వేరే ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. ఫిల్టరు మాత్రం ఆ తనిఖీ తర్వాత సాయంత్రాలు ఆగలేదు.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాను. డబ్బు పెట్టి వీపీఎన్ కొనొచ్చా అని ఎవరైనా అడిగితే, ఎక్కడ వాడతారు, అక్కడ ఇంకెందరు వాడుతున్నారు అని ముందు అడుగుతాను. అది మనం చేసేది దాస్తుంది. దాస్తున్నామన్న సంగతిని దాచలేదు. సంస్థను నమ్మొచ్చా, కార్డుతో కట్టొచ్చా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు. ఆ తర్వాత నేను పనిచేసిన రెండు ప్లాంట్లలోనూ చేరిన రోజే ఒక పని చేశాను. ఏ నివేదిక ఎవరికి దానంతటదే పోతోందో జాబితా తీయించి, అందులో మనుషుల పేర్లు ఉంటే తీసేయించాను.