మంచినీళ్లు అడిగే మేడం

కాగితం గ్లాసులో టీ పోసిస్తే, వేడికి దాని అంచు మెత్తబడి పెదవికి తగిలినప్పుడల్లా నాకు నర్సమ్మ మేడం గుర్తొస్తారు. లింగంపల్లిలో, పిల్లల్ని దత్తత ఇచ్చే ఒక సంస్థలో ఆవిడ నా పై అధికారి. దత్తత కోరినవాళ్ల ఇళ్లకు వెళ్లి, అక్కడ బిడ్డ సుఖంగా పెరుగుతుందో లేదో చూసి రాయడం మా పని. ఏ గడప తొక్కినా ఆవిడ ముందు మంచినీళ్లు అడిగేవారు. వానాకాలంలో కూడా ఇదేం దాహమో అని లోలోపల నవ్వుకునేదాన్ని.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. కొత్తగా చేరిన నన్ను తెల్లాపూర్‌లో ఒక విల్లాకు పంపారు. ఆ దంపతులు నా ఇంటిపేరు అడిగారు, ఊరు అడిగారు, ఊళ్లో మా ఇల్లు ఎటువైపని కూడా అడిగారు. దళితవాడ అని చెప్పాను. మర్నాడే మా కార్యదర్శికి ఫోను వచ్చింది, వేరే ఎవరినైనా పంపమని. ఆయన సరేనని, నన్ను ఇకమీదట ఆఫీసు పనికే ఉంచుతానన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం మానేస్తానని మేడంతో చెప్పాను.

"మాదిగ పిల్లనని తెలిసినంక నన్ను గూడ గిట్లనే కూసోబెట్టిన్రు. ఏండ్లకేండ్లు ఫైళ్లు సర్దిన," అన్నారావిడ. "ఇగ నిన్ను కూసోనియ్య. నడువు, ఇద్దరం పోదాం."

ఆ రోజు బంద్, బస్సుల్లేవు. ఆ విల్లాకు నడిచే వెళ్లాం. లోపల కూర్చోగానే మేడం మంచినీళ్లు అడిగారు. ఇల్లాలు మా ఇద్దరికీ కాగితం గ్లాసుల్లో తెచ్చింది. పక్కనే భర్త స్టీలు గ్లాసుతో తాగుతున్నాడు. మేడం తన గ్లాసును బల్ల మీద పెట్టి, కోపం లేకుండా అడిగారు.

"అమ్మా, మేమిచ్చే బిడ్డది ఏ కులమో మాకే తెల్వదు. ఆ బిడ్డకు నీళ్లు దేంట్ల ఇస్తరు?"

భర్త ఏదో అనబోతే ఇల్లాలు చేత్తో వారించింది. లోపలికి వెళ్లి చాలాసేపటికి రెండు స్టీలు గ్లాసులతో వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తప్పేనండీ. ఇకమీదట ఈ అమ్మాయినే పంపండి," అంది.

తిరిగి వస్తుంటే మేడం అన్నారు: "ఒక్కపూట నీళ్లకే మురిసిపోకు. మల్ల మల్ల పోయి చూడు. బిడ్డను ఇయ్యాల్నా వద్దా, నువ్వే రాయాలె."

నెలల తరబడి వెళ్లాను, వెళ్లినప్పుడల్లా మేడంలాగే ముందు మంచినీళ్లు అడిగాను. చివరికి ఇవ్వవచ్చని రాసింది నేనే.

మేడం ఇప్పుడు లేరు. ఆవిడ కుర్చీలో నేనున్నాను. ఏ ఇంటి నుంచి ఫోను వచ్చినా పంపిన మనిషిని మార్చను. మొన్న అటువైపు వెళ్లి ఆ విల్లా తలుపు తట్టాను. తీసింది మేమిచ్చిన ఆడపిల్లే. నేనెవరో చెప్పగానే, తను తాగుతున్న గ్లాసు కడిగి, నీళ్లు నింపి తెచ్చింది.

"మీరు ముందు మంచినీళ్లు అడుగుతారంట కదండీ, అమ్మ చెప్పింది."

ఆ పూట నాకు దాహం లేదు. గ్లాసు ఖాళీ చేసే ఇచ్చాను.